నోటి వాసనే కదా అని వదిలేస్తున్నారా? కుక్కలు, పిల్లుల పళ్ల వైద్యంలో అసలు చిక్కు ఎక్కడుందంటే..

హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఏ సిటీలో చూసినా ఇప్పుడు ఏరియాకో పెట్ క్లినిక్, సందుకో గ్రూమింగ్ సెంటర్. కుక్కకు స్నానం, హెయిర్ కట్, గోళ్లు తీయడంతో పాటు ‘టీత్ క్లీనింగ్’ కూడా ప్యాకేజీలో కలిపేస్తున్నారు. మత్తు ఇవ్వకుండా, అక్కడికక్కడే, అరగంటలో పళ్లు తెల్లగా మెరిసేలా చేస్తామని చెప్పేవాళ్లూ ఉన్నారు. యజమానికి కూడా ఇది హాయిగానే అనిపిస్తుంది. రిస్క్ లేదు, బిల్లు తక్కువ, నోటి వాసన పోయింది.

కానీ ప్రపంచవ్యాప్తంగా జంతువుల దంత వైద్య నిపుణులు గట్టిగా వద్దంటున్నది సరిగ్గా ఇదే పని. పైకి పళ్లు తెల్లబడతాయి, లోపల చిగురు కింద జబ్బు అలాగే పెరుగుతుంది అన్నది వాళ్ల వాదన. మరోవైపు సరైన వైద్యం చేయిద్దామంటే మత్తు భయం, ఖర్చు భయం, ‘ఇంతకీ ఎక్కడికి తీసుకెళ్లాలి?’ అన్న ప్రశ్న. ఈ మూడింటి మధ్య నలిగిపోతున్నది మాత్రం నొప్పి అని చెప్పలేని మూగజీవి.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

మూడేళ్లు దాటిన కుక్కల్లో 80 శాతానికి చిగుళ్ల జబ్బు ఉంటుందన్న మాట ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనిపిస్తుంది. అయితే బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు సాధారణ క్లినిక్‌ల రికార్డులు పరిశీలిస్తే వేరే అంకె వచ్చింది. 2016లో క్లినిక్‌కు వచ్చిన కుక్కల్లో 22,333 కేసులను ర్యాండమ్‌గా తీసి చూస్తే, ఆ ఏడాదిలో చిగుళ్ల జబ్బు నమోదైంది 12.5 శాతానికే. పిల్లుల మీద 2023లో వచ్చిన ఇలాంటి అధ్యయనంలో ఆ అంకె 15.2 శాతం.

80 ఎక్కడ, 12 ఎక్కడ? ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. మెలకువగా ఉన్న కుక్క నోరు తెరిచి డాక్టర్ చూడగలిగేది కొన్ని సెకన్లే. కంటికి కనిపించిందే రికార్డులోకి ఎక్కుతుంది. మత్తు ఇచ్చి, ఒక్కో పన్ను చుట్టూ కొలిచి చూస్తే బయటపడే జబ్బు ఈ లెక్కలోకి రాదు. అంటే 12.5 శాతం అన్నది జబ్బు ఉన్న కుక్కల సంఖ్య కాదు, జబ్బు దొరికిన కుక్కల సంఖ్య.

అదే అధ్యయనంలో ఇంకో మాట కూడా తేలింది. టాయ్ పూడుల్, కింగ్ చార్లెస్ స్పానియల్ లాంటి చిన్న జాతుల్లో, పొట్టి ముక్కు జాతుల్లో ముప్పు ఎక్కువ. మన సిటీల్లో ఎక్కువగా కనిపించే పగ్, షిట్జూ కూడా పొట్టి ముక్కువే. కారణం సింపుల్. పెద్ద లాబ్రడార్‌కైనా, బుజ్జి పగ్‌కైనా శాశ్వత పళ్లు 42. దవడ మాత్రం సగం కూడా ఉండదు. పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, అడ్డం తిరిగి, మధ్యలో తిండి ఇరుక్కుంటుంది.

వాసన వెనుక ఏం జరుగుతోంది?

మనుషుల్లా పుచ్చు పళ్లు కుక్కల్లో తక్కువ. పిల్లుల్లో దాదాపు ఉండవనే చెప్పాలి. వీటి అసలు సమస్య చిగుళ్లది. తిన్న తర్వాత పన్ను మీద పేరుకునే మెత్తటి పాచి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. కుక్క లాలాజలానికి క్షార గుణం ఎక్కువ కావడంతో గార ఇంకా తొందరగా కడుతుంది. ఆ గార మీద మళ్లీ పాచి. అది మెల్లగా చిగురు కిందకు దిగుతుంది.

మొదట చిగురు ఎర్రబడుతుంది. ఈ దశలో క్లీన్ చేస్తే మామూలు స్థితికి వస్తుంది. వదిలేస్తే పన్నును పట్టి ఉంచే ఎముక కరగడం మొదలవుతుంది. కరిగిన ఎముక తిరిగి రావడం చాలా కష్టం. చిన్న జాతి కుక్కల కింది దవడ సన్నగా ఉంటుంది కాబట్టి, ఎముక బాగా కరిగిపోతే చిన్న దెబ్బకే దవడ విరిగే ప్రమాదం ఉంది. పై దవడలో అయితే నోటికీ ముక్కుకీ మధ్య రంధ్రం పడుతుంది. డాక్స్‌హండ్ లాంటి పొడుగు మూతి కుక్కల్లో ఇది ఎక్కువ. నీళ్లు తాగితే తుమ్ములు, ఒకవైపు ముక్కు కారడం.. ఇంట్లోవాళ్లు జలుబు అనుకుంటారు.

ఇంకో తరచూ జరిగే పొరపాటు. కుక్క కంటి కింద ఉన్నట్టుండి వాపు వస్తుంది. పురుగు కుట్టిందేమో అనుకుంటారు. యాంటీబయాటిక్ వేస్తే తగ్గుతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. చాలాసార్లు దీనికి మూలం పై దవడలోని పెద్ద నమిలే పన్ను. దానికి మూడు వేర్లు. గట్టి బొక్క కొరికినప్పుడు పన్ను పెచ్చు ఊడి, లోపలి నరం బయటపడి, వేరు కొసన చీము పడుతుంది. పన్ను సంగతి తేల్చకుండా ఎన్ని మందులు వాడినా ఆ వాపు తిరిగి వస్తూనే ఉంటుంది.

మత్తు లేకుండా క్లీనింగ్.. ఎందుకు వద్దంటున్నారు?

అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజ్ ఈ పద్ధతిని అసలు వైద్యంగానే చూడదు. అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్ 2013లో మరో అడుగు ముందుకేసింది. తమ గుర్తింపు కావాలంటే డెంటల్ ప్రొసీజర్ పూర్తి అనస్థీషియాలో, శ్వాసనాళంలో ట్యూబ్ వేసి మాత్రమే చేయాలని రూల్ పెట్టింది.

ఎందుకంత పట్టుదల? మూడు కారణాలు.

ఒకటి, జబ్బు ఉండేది చిగురు కింద. అక్కడ పరికరం పెడితే మెలకువగా ఉన్న ఏ జంతువూ ఊరుకోదు. కాబట్టి మత్తు లేకుండా గీకేది కనిపించే భాగాన్నే. నాలుక వైపు పళ్లు, వెనకాల దవడ పళ్లు ఎలాగూ అందవు.

రెండు, గీకిన పన్ను మీద సన్నటి గీతలు పడతాయి. పాలిష్ చేయకపోతే ఆ గరుకు మీద పాచి ఇంకా తొందరగా పడుతుంది.

మూడు, భయం. నాలుగు చేతులు గట్టిగా అదిమి పట్టుకుంటే కుక్క కదలకపోవచ్చు. కానీ ఆ తర్వాత నోరు ముట్టుకోనివ్వదు. పరికరం పదునుగా ఉంటుంది, తల ఒక్కసారి విదిలిస్తే గాయమే. ఊడిన గార, రక్తం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపే ట్యూబ్ కూడా ఉండదు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం యజమాని మనసులో జరుగుతుంది. పళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి కాబట్టి అంతా బాగుందన్న నమ్మకం. ఆ నమ్మకంతో ఇంకో రెండేళ్లు గడిచిపోతాయి.

మత్తు భయం.. ఎంతవరకు నిజం?

ఇది కొట్టిపారేసే భయం కాదు. ‘పెద్ద వయసు కుక్క, మత్తు తట్టుకుంటుందా?’ అన్నది ప్రతి యజమానీ అడిగే ప్రశ్న. దీనికి కాస్త గట్టి లెక్కే ఉంది. బ్రిటన్‌లో జరిగి 2008లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం ప్రకారం, మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో అయితే 0.05 శాతం. అంటే రెండు వేలలో ఒకటి. అప్పటికే జబ్బుతో ఉన్నవాటిలో మాత్రం ఇది 1.3 శాతం దాటింది.

ఈ అంకెల్ని రెండు రకాలుగా చదవాలి. ఒకటి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేయిస్తే ముప్పు చాలా తక్కువ. ‘ఇంకా ముదరనీ, అప్పుడు చూద్దాం’ అని వాయిదా వేస్తే, అదే ప్రొసీజర్ రేపు ఎక్కువ వయసులో, కిడ్నీనో గుండో దెబ్బతిన్న తర్వాత, ఎక్కువ సేపు మత్తులో ఉంచి చేయాల్సి వస్తుంది. వాయిదా వేయడం వల్ల రిస్క్ తగ్గదు, పెరుగుతుంది.

రెండు, ఆ మరణాల్లో కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో అంతకంటే ఎక్కువ ప్రొసీజర్ అయిపోయాకే జరిగాయి. అందులోనూ మొదటి మూడు గంటల్లోనే ఎక్కువ. అందుకే ‘మత్తు ఏది ఇస్తారు?’ అన్న ప్రశ్న కంటే ‘మత్తు దిగేదాకా పక్కన ఎవరుంటారు?’ అన్న ప్రశ్న ముఖ్యం. ముందు రక్త పరీక్షలు, చేతికి సెలైన్ లైన్, ఆక్సిజన్, బీపీ చూసే మానిటర్, శరీరం చల్లబడకుండా వెచ్చదనం.. ఇవి ఉన్న చోటుకీ లేని చోటుకీ తేడా చాలా ఉంటుంది.

పిల్లుల విషయంలో ఇంకో జాగ్రత్త. నోరు తెరిచి ఉంచడానికి స్ప్రింగ్ ఉన్న క్లిప్ బలంగా పెడితే, మెదడుకు, కళ్లకు వెళ్లే రక్తనాళం నొక్కుకుపోయి చూపు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తెలిసిన డాక్టర్లు వాటిని వాడరు.

ఎక్స్‌రే లేకపోతే సగం వైద్యమే

పన్నులో కంటికి కనిపించేది పై భాగమే. వేరు, దాని చుట్టూ ఎముక లోపలే ఉంటాయి. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు 1998లో ఈ విషయం తేల్చారు. పైకి ఏ లోపమూ కనిపించని పళ్లకు కూడా ఎక్స్‌రే తీస్తే, 27.8 శాతం కుక్కల్లో, 41.7 శాతం పిల్లుల్లో పట్టించుకోవాల్సిన సమస్య బయటపడింది.

ఇది ఒళ్లంతా తీసే పెద్ద మెషిన్‌తో అయ్యే పని కాదు. మనుషుల డెంటల్ క్లినిక్‌లో నోట్లో పెట్టే చిన్న సెన్సర్ లాంటిదే ఇక్కడా కావాలి. పన్ను పీకాల్సి వచ్చినా ముందు ఎక్స్‌రే, తర్వాత ఎక్స్‌రే తప్పనిసరి. లేదంటే వేరు ముక్క లోపలే విరిగి ఉండిపోతుంది. కుక్క తింటూనే ఉంటుంది, నొప్పి మాత్రం పోదు.

పిల్లుల కథ వేరు

పిల్లికి పళ్లు 30. వాటికి ప్రత్యేకంగా రెండు జబ్బులున్నాయి. మొదటిది, శరీరమే తన పన్నును లోపలి నుంచి కరిగించేసుకోవడం. చిగురు అంచున చిన్న ఎర్రటి గుంట కనిపిస్తుంది, లోపల వేరు కరిగిపోయి ఉంటుంది. దీనికి ఫిల్లింగ్ పనికిరాదు, పన్ను తీయడమే మార్గం.

రెండోది నోరంతా పుండు పడినట్టయ్యే దీర్ఘకాలిక వాపు, స్టొమటైటిస్. గిన్నె దగ్గరకు ఆకలిగా వచ్చి, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోగానే అరిచి పారిపోయే పిల్లి అంటే ముందు అనుమానించాల్సింది ఇదే. చొంగ కారుతుంది, ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు అట్టలు కడుతుంది. దీనికి నిపుణులు చెప్పే మొదటి వైద్యం వినడానికి కఠినంగా ఉంటుంది. నోట్లోని పళ్లన్నీ, లేదా వెనక పళ్లన్నీ తీసేయడం. 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఇలా చేసిన పిల్లుల్లో 28 శాతానికి పైగా పూర్తిగా కోలుకున్నాయి. మరో 39 శాతం బాగా మెరుగుపడ్డాయి. మిగతావాటికి మందులు కొనసాగించాల్సి వచ్చింది.

పళ్లు లేకపోతే ఎలా తింటుందన్న బెంగ అక్కర్లేదు. మెత్తటి తిండి పెడితే పళ్లు లేని పిల్లి హాయిగా తింటుంది. నొప్పి పెట్టే పళ్లతోనే అది తినలేకపోయేది.

అడ్వాన్స్‌డ్ సర్జరీ అంటే ఏం చేస్తారు?

మనుషులకు చేసేవన్నీ దాదాపు ఇక్కడా ఉన్నాయి. విరిగిన కోరపన్నును పీకకుండా రూట్ కెనాల్ చేసి, పైన మెటల్ క్యాప్ వేస్తారు. విదేశాల్లో పోలీసు, మిలటరీ కుక్కలకు ఇది మామూలే. పట్టుకోవడం వాటి డ్యూటీ, కోరపన్ను వాటి పనిముట్టు. ఇంట్లో సోఫా మీద పడుకునే కుక్కకు అదే పన్ను తీసేసినా బతుకు సాఫీగానే సాగుతుంది. కాబట్టి ఖరీదైన వైద్యం ప్రతిసారీ సరైన వైద్యం కానక్కర్లేదు. ఏ కుక్కకు, ఏ పన్నుకు అన్నది చూసుకోవాలి.

మన సిటీలకు దగ్గరగా ఉన్న ఇంకో కేసు, అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి పడిపోయే పిల్లులు. న్యూయార్క్‌లో ఇలా పడిన 132 పిల్లుల మీద 1987లో అధ్యయనం వచ్చింది. వైద్యం అందినవాటిలో 90 శాతం బతికాయి. పడినప్పుడు గడ్డం నేలకు తగిలి కింది దవడ మధ్యలో చీలడం, పైన అంగిలి చీలడం ఎక్కువగా జరుగుతుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా, కింది దవడ చీలికను చాలావరకు వైర్ చుట్టి అతికిస్తారు. బాల్కనీకి నెట్ కట్టిస్తే ఈ సర్జరీ అవసరమే రాదు.

క్యాన్సర్ కేసులు ఇంకో మెట్టు పైన. కుక్క నోట్లో వచ్చే ప్రాణాంతక గడ్డల్లో మెలనోమాది మొదటి స్థానం. గడ్డతో పాటు దవడలో కొంత భాగం తీసేసే సర్జరీ ఉంది. ముఖం కాస్త మారుతుంది, చాలా కుక్కలు తర్వాత బాగానే తింటాయి. అమెరికాలో ఈ క్యాన్సర్‌కు టీకా కూడా 2007లో షరతులతో, 2010లో పూర్తిస్థాయిలో అనుమతి పొందింది. కానీ అన్నిటికీ మూలం గడ్డను చిన్నగా ఉన్నప్పుడే చూడటం. నెలకోసారైనా నోరు తెరిచి చూసే అలవాటు లేని ఇంట్లో, రక్తం కారేదాకా సంగతి తెలియదు.

మన దగ్గర సమస్య ఎక్కడుంది?

మనుషుల పళ్ల వైద్యానికి మన దేశంలో 1948లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. బీడీఎస్, ఎండీఎస్ అని వేరే చదువే ఉంది. జంతువుల విషయంలో అలా లేదు. ఐదున్నరేళ్ల బీవీఎస్సీ చదివిన డాక్టరే గేదె ఈత నుంచి కుక్క పన్ను దాకా అన్నీ చూడాలి. పీజీలో ఉన్నది సర్జరీ, రేడియాలజీ. డెంటిస్ట్రీకి విడిగా పీజీ లేదు. అమెరికాలో ఈ స్పెషాలిటీకి 1988లో, యూరప్‌లో 1998లో ప్రత్యేక కాలేజీలు ఏర్పడ్డాయి. అక్కడ డిగ్రీ తర్వాత ఏళ్ల తరబడి రెసిడెన్సీ చేస్తేనే ఆ పేరు పెట్టుకోనిస్తారు. ఇక్కడ బోర్డు మీద ‘పెట్ డెంటల్’ అని రాసి ఉంటే, దాని వెనుక ఉన్నది వర్క్‌షాప్‌లో నేర్చుకుని, సొంత డబ్బుతో మెషిన్ కొనుక్కున్న నిజాయితీ గల డాక్టరూ కావచ్చు, ఒక్క స్కేలర్ మాత్రమే ఉన్న సెంటరూ కావచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చట్టం ఏమంటోంది? 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ యాక్ట్ ప్రకారం జంతు వైద్యం చేయాల్సింది రిజిస్టర్ అయిన డాక్టరే. డాక్టర్ పర్యవేక్షణలో ఇతర సిబ్బంది చేయదగిన ‘చిన్న సేవల’కు ఉదాహరణగా చట్టం టీకాలు, వృషణాలు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం లాంటివి చెప్పింది. రాష్ట్రాలు నోటిఫికేషన్ ఇచ్చి ఇంకొన్ని చేర్చుకోవచ్చు. ఈ చట్టం వచ్చింది ఊళ్లలో పశువుల కోసం. గ్రూమింగ్ సెంటర్‌లో పగ్ పళ్లు గీకడం అన్న ఊహే అప్పుడు లేదు. పళ్లు తోమడం గ్రూమింగ్, చిగురు కింద గీకడం వైద్యం అన్న గీత స్పష్టంగా ఎవరో ఒకరు గీయాలి. 2018లో పెట్ షాపులకు, 2017లో కుక్కల బ్రీడింగ్‌కు కేంద్రం రూల్స్ తెచ్చినప్పుడు అమ్మకాల మీద దృష్టి పెట్టింది. ఈ సేవల మీద కూడా అలాంటి చూపు పడాల్సిన టైమ్ వచ్చింది.

ఇక ఖర్చు. బిల్లులో పెద్ద భాగం పళ్లకు కాదు.. రక్త పరీక్షలకు, మత్తుకు, మానిటరింగ్‌కు, ఎక్స్‌రేకు, టైమ్‌కు. తక్కువ రేటు చెప్పారంటే వీటిలో ఏదో ఒకటి తగ్గించి ఉంటారు. ప్రైవేట్‌లో భరించలేనివాళ్లకు దారి లేకపోలేదు. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ వెటర్నరీ హాస్పిటల్ ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలో వెటర్నరీ కాలేజీలున్నాయి. ఏ సేవ ఏ రోజు అందుతుందో ముందే కనుక్కుని వెళ్లడం మంచిది. ఈ కాలేజీల్లో డెంటల్ ఎక్స్‌రే, శిక్షణ పెరిగితే లాభం రెండు రకాలు. సామాన్యుడి కుక్కకు వైద్యం దొరుకుతుంది, రేపటి డాక్టర్లకు చేతికి పని వస్తుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

డాక్టర్ దాకా వెళ్లకుండా ఆపగలిగేది ఒక్కటే. రోజూ బ్రష్ చేయడం. పిల్ల వయసులో వేలికి గుడ్డ చుట్టి చిగుళ్లు తడమడంతో మొదలుపెడితే పది రోజుల్లో అలవాటు పడతాయి. పెట్స్ కోసం తయారుచేసిన పేస్టే వాడాలి. మనం వాడే పేస్టుల్లో కొన్నింటిలో ఉండే జైలిటాల్ కుక్కలకు విషం.

‘బొక్కలు కొరికితే పళ్లు శుభ్రమవుతాయి’ అన్నది మన ఇళ్లలో పాత నమ్మకం. ఆదివారం మటన్ బొక్కలు కుక్కకే. కానీ నమిలే పన్ను విరగడానికి గట్టి బొక్కలే ముఖ్య కారణం. గుర్తు ఏంటంటే, బొటనవేలి గోరుతో నొక్కితే కాస్తయినా నొక్కు పడని వస్తువు కుక్క పంటికి మరీ గట్టిదే.

ఏడు నెలలు దాటినా పాలపళ్ల కోరలు ఊడకపోతే డాక్టర్‌కు చూపించాలి. పామరేనియన్ లాంటి బుజ్జి జాతుల్లో ఇది మామూలు. ఒకే చోట రెండు కోరలుంటే మధ్యలో జబ్బు తొందరగా మొదలవుతుంది.

క్లీనింగ్‌కు తీసుకెళ్లే ముందు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. చేసేది రిజిస్టర్డ్ డాక్టరేనా? శ్వాసనాళంలో ట్యూబ్ వేస్తారా? పంటి ఎక్స్‌రే ఉందా? మత్తు దిగేదాకా ఎవరు చూస్తారు? వీటికి సూటిగా జవాబిచ్చే చోట కుక్కను వదిలి రావచ్చు. ‘అవన్నీ ఎందుకు సార్, అరగంటలో అయిపోతుంది’ అంటే మాత్రం బెల్ట్ పట్టుకుని వెనక్కి వచ్చేయడమే మంచిది.

కుక్కలూ పిల్లులూ పంటి నొప్పితో కూడా తింటాయి. తినకపోతే బతకలేమని వాటికి తెలుసు. ‘బాగానే తింటోంది కదా’ అన్నది అందుకే నమ్మదగిన గుర్తు కాదు. ఒకవైపే నమలడం, ఇష్టమైన బొమ్మను వదిలేయడం, మూతి ముట్టుకుంటే వెనక్కి జరగడం, నోటి వాసన.. అవి చెప్పగలిగిన భాష అంతే.